అక్షింతల పురుగు మేస్టారు

"కదలకండి, మీ భుజం మీదుందండీ!"

గుండుగొలను దాటి కొల్లేటి వైపు నడుస్తున్నాను. ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి ఏడు. వెనకనుంచి వచ్చిన మనిషి నా కండువా మీద చెయ్యి వేశాడు. తేలో జెర్రో అనుకొని బిగుసుకుపోయాను. తీరా అతను తీసింది కందిబద్దంత పురుగు. ఎర్రటి వీపు, నల్లచుక్కలు. అక్షింతల పురుగు.

"నిగనిగలాడుతోంది. మంచిదే," అని దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకున్నాడు. రెండో జేబులో ఇంకో అగ్గిపెట్టె ఉంది. అందులోవి చెడ్డవట. కాశీలో పాములవాళ్ళను చూశాను, అస్సాంలో పట్టుపురుగులు పెంచేవాళ్ళను చూశాను. మంచీ చెడ్డా చెరో జేబులో మోసేవాణ్ణి చూడటం అదే మొదలు.

పేరు క్రీస్తుదాసు. దెందులూరు మిషను బడిలో మేస్టరు. కొల్లేటి నడుమ లంకలో తన కూతురింట ఉంటున్న అక్క మణెమ్మను వెనక్కి తీసుకుపోవడానికి బయల్దేరాడు.

"వస్తుందంటారా?" అన్నాను.

"రావాలండీ. పెరడు పాడుపడిపోతోంది."

ఆ పెరడే మణెమ్మ అన్నం. భర్త పోయాక అందులో వంగమొక్కలు వేసి, కాయలు బుట్టకెత్తి ఏలూరు తీసుకుపోయి అమ్ముకొని, ఒకరి చేతికింద తినకుండా బతికింది. తెల్లవారి మంచు ఆరకముందే ఆకులమీద పొయ్యి బూడిద చల్లేది. కనబడ్డ పురుగునల్లా నలిపేది. ఒక ఏడు ఈ చుక్కల పురుగులు చేరాయి. పెళ్ళిలో తలన రాలే అక్షింతల్లా ఉంటాయని మనవాళ్ళకు వీటిని చంపడానికి చెయ్యి రాదు. మణెమ్మకు ఆ పట్టింపు లేదు. బూడిద చేట పట్టుకొని వెళ్తుంటే తమ్ముడు చెయ్యి పట్టుకొని అడ్డం పడ్డాడు. ఇవి మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే రైతు నేస్తాలని వ్యవసాయ పుస్తకంలో చదివాడు మరి. చదువుకున్న తమ్ముడి మాట! ఆవిడ బూడిద మానేసింది.

అచ్చం అలాగే ఉండి వంగాకును గోకి తినే జాతి ఇంకొకటుందని అదే పుస్తకంలో తరవాతి పేజీలో ఉందట. ఆయన ముందు పేజీ దగ్గరే మేస్టరైపోయాడు. చూస్తుండగానే ఆకులు జల్లెళ్ళయ్యాయి, మొక్కలు మోడులయ్యాయి. మణెమ్మ మూట కట్టుకొని అల్లుడి పంచన చేరింది.

"ఇప్పుడు తేడా తెలుసండీ. నిగనిగలాడేది నేస్తం. ఒంటిమీద నూగుండి దుమ్ము పడ్డట్టుండేది దొంగ."

భ్రమరాన్నే తలుచుకుంటూ కీటకం భ్రమరమవుతుందని వేదాంతులంటారు. పురుగుల్నే తలుచుకునేవాడు ఏమవుతాడో వాళ్ళు చెప్పలేదు.

తాటిదోనెలో లంకకు చేరాం. మణెమ్మ అక్కడా వంగమొక్కలే వేసింది. ఆకులకు చిల్లు లేదు. కానీ చిగుళ్ళు ముడుచుకుపోయి, వాటికింద పేనుబంక జిగురు కారుతోంది. మంచి చెడ్డ చూడకుండా చుక్కల పురుగులన్నిటినీ నలిపేసినట్టుంది.

"వచ్చావా మేస్టారూ? ఈసారి ఏ పురుక్కి ప్లీడరువి?"

అతను రెండు అగ్గిపెట్టెలూ తెరిచాడు. "ఒక్కసారి చూడక్కా. ఇది చంపాలి, ఇది ఉంచాలి. నీ చిగుళ్ళకు ఇదే మందు."

"నాకు రెండూ ఒకటే."

"ఒకటి కాదే! దీని వీపు చూడు..."

"అప్పుడూ నేస్తాలనే అన్నావు. కూతురు పెడితే తింటున్నాను, అల్లుడు చూస్తుంటే మింగుతున్నాను. ఎవరికిరా నేస్తాలు?"

అతను నా భుజం మీద పట్టిన పురుగును అగ్గిపెట్టెలోంచి తీసి చిగురుమీద వదిలాడు. అది పేనును పట్టుకొని నమలసాగింది. "తింటోంది, చూడు," అన్నాడు, బడిపిల్లాడిలా. మణెమ్మ వంగి చూసింది. నిజంగానే చూసింది. చాలాసేపు చూసింది.

"తింటోంది," అంది. "ఇది నిజమే అయితే, ఆవేళ నా చెయ్యి పట్టుకునే ముందు ఈ తేడా ఎందుకు తెలుసుకోలేదు?"

క్రీస్తుదాసు అగ్గిపెట్టెలు మూశాడు.

ఆవిడ పురుగును రెండు గోళ్ళమధ్య నొక్కి, చేతులు చీరకు తుడుచుకొని, చేట అందుకుంది. "నేను రాను," అంటూ ఆ చిగురుమీద బూడిద చల్లింది. అప్పుడు నన్ను చూసి, "ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగుతారా అండీ?" అంది.

తాగుతానని చెప్పి పక్కకు తిరిగేసరికి అతను లేడు. గట్టెక్కి, రేవు వైపు నడిచిపోతున్నాడు.