విడిచిన చీరల ఉయ్యాలలు

మొన్న ఆదివారం మా అబ్బాయి వాళ్ళు వెళ్ళే చర్చికి నేనూ వెళ్ళాను. పట్నంలో పెద్ద చర్చి. వెనకవైపు అద్దాల గది ఒకటి కట్టించారు. పసిపిల్లల తల్లులు అందులో కూర్చుంటారు. ప్రసంగం లోపలికి వినిపిస్తుంది, పిల్లల ఏడుపు బయటికి వినిపించదు. మంచి ఏర్పాటే. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేల తుడిచిన మందు వాసన తప్ప ఆ గదిలో ఇంకే వాసనా లేదు. ఇది చూస్తే వదినగారు ఏమనేవారో అనుకున్నాను. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇలాంటి చిన్న సంగతి దాచుకుని వెళ్ళి ఆవిడకి చెప్పే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

వదినగారంటే మా వారి అక్కగారు. చిన్న వయసులోనే భర్త పోతే మా దగ్గరే ఉండేవారు. డెబ్భైల చివరి మాట. రాజోలు దగ్గర ఒక ఊళ్ళో నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచరుని, మా అబ్బాయి చంటివాడు. అక్కడి చర్చిని ఆనుకుని ఒక పెంకుటి గది ఉండేది. ఆదివారాలు ఆరాధన జరుగుతున్నంతసేపూ, నాట్ల రోజుల్లో అయితే వారమంతా, ఊళ్ళో పసివాళ్ళని ఆ గదిలో పెట్టుకుని వదినగారు చూసేవారు. తల్లులు నడుము వంచి చేలో నాట్లు వేస్తుంటే పిల్లలు ఇక్కడ తాటిదూలాలకి కట్టిన చీర ఉయ్యాలల్లో పడుకునేవారు. నడక వచ్చిన వాళ్ళకి చాప వేసి, గుమ్మానికి అడ్డంగా బల్ల పెట్టేవారు. మధ్యాహ్నం స్కూలు వదిలి నేను మావాడికి పాలివ్వడానికి వెళ్ళేసరికి గదంతా మసక వెలుతురుగా ఉండేది. బయట సన్నగా వాన. ఉయ్యాలలన్నీ ఒకదాని తరవాత ఒకటి మెల్లగా ఊగుతూ ఉండేవి. వదినగారు గోడకి చేరబడి, ఒక తాడు చేతికి, ఒక తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, సగం కళ్ళు మూసుకుని ఏదో కీర్తన గొణుగుతూ ఉండేవారు. అక్కడ కాసేపు కూర్చుంటే మళ్ళీ బడికి వెళ్ళాలనిపించేది కాదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉండేది. ఏ బిడ్డ ఉయ్యాలకి ఆ బిడ్డ తల్లి చీరే కట్టాలి. అది కూడా ఉతికిన చీర కాదు, ముందు రోజు కట్టుకుని విడిచినది. చెమట, పాలు, పొయ్యి పొగ, చేపల కూర అన్నీ కలిసిన చీర. నేను మొదటిరోజు మర్యాదకి ఉతికి మడతపెట్టిన చీర పట్టుకెళితే వదినగారు తిరిగి నా చేతిలో పెట్టేశారు. "చీరెవరికి కావాలమ్మా? నువ్వు కావాలి వాడికి," అన్నారు. మాసిన చీర పదిమందిలో వేలాడటం నాకు సిగ్గుగా ఉండేది. మావాడికి ఆ సిగ్గేమీ లేదు, దాంట్లో వేయగానే నిద్రపోయేవాడు.

ఆ పిల్లల్లో తల్లి లేని పిల్ల ఒకతి ఉండేది. నెలల పిల్ల. తల్లి జ్వరమొచ్చి పోయింది. ఆమె బట్టలు పుట్టింటివాళ్ళు పట్టుకెళ్ళిపోగా దండెం మీద ఒక్క చీర మిగిలింది, ఎర్ర అంచు నీలం నేతచీర. ఆమె విడిచింది విడిచినట్టే ఉంది. దాన్నే ఉయ్యాలగా కట్టారు. తండ్రి కొబ్బరి దింపులు తీసేవాడు. పాతికేళ్ళుంటాయేమో. చెట్లు దిగి మధ్యాహ్నం పిల్లని చూడటానికి వచ్చేవాడు. ఉయ్యాల పక్కన గొంతుక్కూర్చుని, చీర అంచు పట్టుకుని, దానికి మొహం ఆనించుకుని కాసేపుండి వెళ్ళిపోయేవాడు. పిల్లని ముద్దుచేస్తున్నాడని అనుకునేదాన్ని.

ఆ యేడు బిషప్పుగారు వస్తున్నారని కబురొచ్చింది. మా పాస్టరుగారి భార్య కొత్తగా వచ్చినావిడ, శుభ్రం మనిషి, మంచి మనిషి. వదినగారు పిల్లల పాలడబ్బాల కోసం మలికిపురం వెళ్ళిన రోజు ఆవిడ నలుగురిని పోగేసి, గదికి సున్నం వేయించి, చీరలన్నీ విప్పించి సోడాలో ఉడకబెట్టించారు. వదినగారు బస్సు దిగి వచ్చేసరికి చర్చి చుట్టూ చీరలు జెండాల్లా ఎగురుతున్నాయి.

"చూసేరా అక్కగారూ, ఎంత బాగా వచ్చేయో," అందావిడ సంతోషంగా.

వదినగారు నీలం చీర దగ్గరికి వెళ్ళి, వాసన చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు బిషప్పుగారు ప్రార్థన మొదలుపెట్టేసరికి గదిలో పిల్లలందరూ ఒక్కసారి ఏడుపు లంకించుకున్నారు. ఆయన కాసేపు ఓర్చుకుని, చివరికి తనే గుమ్మం దాకా వచ్చారు. "ఏమ్మా, అందరికీ ఒకేసారి ఏం కష్టమొచ్చింది?" అని అడిగారు.

"శుభ్రం చేసేమండీ," అన్నారు వదినగారు.

సాయంత్రానికల్లా తల్లులు తలో మాసిన చీరా తెచ్చి ఉయ్యాలలు కట్టారు. గది సద్దుమణిగింది. ఆ పిల్ల ఒక్కతే మిగిలింది. దానికి తేవడానికి ఇంకో చీర లేదు. పాలు ఉగ్గుగిన్నెతో పోస్తే ఉమ్మేసేది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, కళ్ళు లోపలికి పోయాయి. పాస్టరుగారి భార్య దాన్ని భుజాన వేసుకుని తిరుగుతూ తనూ ఏడ్చేసింది. డాక్టరు, పాలు పట్టకపోతే కష్టమన్నాడు.

అప్పుడు వదినగారు ఆ నీలం చీర తను కట్టుకున్నారు. భర్త పోయాక ఆవిడ తెల్లచీర తప్ప కట్టింది లేదు. ఆ చీరతోనే పొయ్యి ఊదారు, చేపలు తోమారు, పిల్లల ముక్కులు తుడిచారు, రాత్రి దాంతోనే పడుకున్నారు. నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు చర్చి దగ్గర ఆగి చూసేవారు. వాళ్ళలో ఒకావిడకి నోరు ఊరుకోదు.

"ఏంటి అక్కగారూ, కొత్త చీర కట్టేరు?"

"చీర పాతదేనే. కట్టుకున్న మనిషే కొత్త."

"పోయిన మనిషి చీరండీ. ఎలా కట్టబుద్ధయ్యిందండీ?"

"ఉన్న మనిషి ఏడుస్తుంటే కట్టబుద్ధయ్యింది. పో, నీకు నాట్లకి వేళవుతుంది."

రెండు రోజులు అలా కట్టి, విడిచి, మళ్ళీ దాన్నే దూలానికి కట్టి పిల్లని వేశారు. పిల్ల కాసేపు మూలిగి, చెంప గుడ్డకి ఆనించి, నిద్రపోయింది. లేచి గిన్నెడు పాలు తాగి మళ్ళీ పడుకుంది. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. తండ్రి వచ్చాడు.

"పాలు తాగిందయ్యా," అన్నారు వదినగారు.

"ఆయ్," అన్నాడు. మొహం వెలిగింది. ఎప్పటిలాగే కూర్చుని చీర అంచు అందుకుని మొహానికి ఆనించుకున్నాడు. కాసేపుండి, మెల్లగా దించేశాడు.

"మీ వాసనొత్తందండీ, అక్కగారూ."

వదినగారు ఉయ్యాల ఊపడం ఆపారు. "దానికి ఇది చాల్లే, నాన్నా," అన్నారు.

"దానికి చాలండి," అన్నాడతను.

తాడు ఆవిడ చేతిలోంచి తీసుకుని తనే ఊపుతూ కూర్చున్నాడు. ఆ యేడు నాట్లయ్యేదాకా రోజూ వచ్చాడు, రోజూ ఊపాడు. అంచు మాత్రం మళ్ళీ పట్టుకోలేదు. కాలం ఓదారుస్తుందంటారు. నిజమే కావచ్చు. కాకపోతే అది ముందు పసిపిల్లల దగ్గరికి వెళుతుంది, పెద్దవాళ్ళ దాకా రావడానికి చాలా ఆలస్యం చేస్తుంది.