అడ్డపొగ మానిన జగ్గమ్మ

గజపతినగరానికి ఎగువన, చంపావతి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో చుట్ట కాల్చని ఆడమనిషే లేదనడం అతిశయోక్తి. చంటిపిల్లలు కాల్చేవారు కాదు. తక్కినవారు కాల్చేవారు. అదీ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని కాల్చేవారు. దీన్ని అడ్డపొగ అంటారు. చూడనివారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. వానలో వరినాట్లు చూసినవారికి మాత్రం కారణం వెంటనే బోధపడుతుంది. రెండు చేతులా నారు పట్టుకొని, నడుము వంచి, వర్షంలో తడుస్తూ నిలబడ్డ మనిషి తన నిప్పును దాచుకోవడానికి నోటిని మించిన చోటు లేదు.

జగ్గమ్మకు ఈ విద్య ఆమె తల్లి నేర్పింది; ఆవిడ పేరు తాతమ్మ. కూతురికి పెళ్లి కాకముందే నేర్పి, తన బాధ్యతల్లో ఒకటి తీరిందనుకుంది. కథాకాలానికి జగ్గమ్మ నలభై దాటిన మనిషి. భర్త సూరయ్య, ఏటి గట్టున కొద్దిపాటి పల్లపు పొలం, ఒక జత ఎడ్లు, ఇవీ ఆమె సంసారం. నోట్లో నిప్పుతోనే ఎడ్లను అదిలించేది, సూరయ్యను తిట్టేది, నాట్ల పాట ఎత్తుకునేది. పెదవుల సందున పొగ బయటికి రాకుండా కాల్చగల నేర్పు ఆ చుట్టుపక్కల ఆమెకొక్కతెకే ఉండేది. ఆ నేర్పే తరవాత ఆమెను ఇబ్బందుల్లో పెట్టింది.

అరవై ఏడు వేసవిలో విశాఖపట్నం నుంచి ఒక జీపు వచ్చింది. అందులోంచి గణపతిరావు అనే డాక్టరు దిగారు. అలవాట్లకూ రోగాలకూ ఉన్న సంబంధం తేల్చడానికి పల్లెపల్లెకూ వెళ్లి నోళ్లు పరీక్షించడం ఆయన పని. బడి వసారాలో బల్ల వేయించుకొని, టార్చిలైటు పక్కన పెట్టుకొని, పెద్దవాళ్లందర్నీ వరసగా రమ్మన్నారు.

ఆయన ప్రశ్నలు చుట్టతో ఆగలేదు. కల్లు తాగుతారా, సారా తాగుతారా, గంజాయి ఉందా అని కూడా అడిగారు. అవి మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులు. ఊళ్లోని మగవాళ్లందరూ చట్టానికి పూర్తిగా లోబడి జీవిస్తున్నట్టు ఆ మధ్యాహ్నం తేలింది. సూరయ్య తన జన్మలో కల్లు వాసన చూడలేదని చెప్పాడు. ఆ మాట వింటూ డాక్టరుగారు కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకోవలసి వచ్చింది. ఆడవాళ్లు మాత్రం చుట్ట గురించి నిజమే చెప్పారు. దానికి అడ్డుపడే చట్టం లేదు.

జగ్గమ్మ వంతు వచ్చింది. డాక్టరుగారు ఆమె నోట్లోకి టార్చి వేసి, కొంచెం ఎక్కువసేపే చూశారు.

“అంగిట్లో తెల్లటి మచ్చ ఉంది. మధ్యలో ఎర్ర చుక్కలున్నాయి. ఇప్పటికైతే ఇది పుండు కాదమ్మా. చుట్ట మానేస్తే తగ్గొచ్చు. మానకపోతే రాచపుండుగా మారొచ్చు.”

“మానీమంటారేటి బాబూ?”

“మానెయ్యమనే అంటున్నాను.”

జగ్గమ్మ నోరు మూసి, చెంగుతో తుడుచుకొని, నిదానంగా చెప్పింది. “మా యమ్మ మానీసినాది. మానీసిన మూడు నెల్లకి పోనాది. కూర్మయ్య పెళ్లాం మానీసినాది, ఏడాది తిరక్కుండా పోనాది. ఈది సివర అసిరమ్మ మానీసినాది, అదీ పోనాది. మానినోలంతా పోనారు. కాల్సినోలం ఇదిగో, మీ ఎదర కూకున్నాం.”

వరసలో కూర్చున్న ఆడవాళ్లు తలలూపారు. ఒకరిద్దరి ముక్కుల్లోంచి పొగ కూడా వచ్చింది.

డాక్టరుగారు నవ్వలేదు. ఆయనకు నవ్వు రాకపోవడానికి తగిన కారణం ఉంది.

“మీరు చెప్పింది నిజమే. మా లెక్కల్లోనూ అలాగే కనిపిస్తోంది. కాలుస్తున్నవాళ్లలో కంటే మానేసినవాళ్లలోనే పుండు ఎక్కువ” అన్నారు. “అయితే ఒక్క సంగతి తెలియాలి. వాళ్లు మానేశాక పుండు వచ్చిందా, పుండు నొప్పి పుట్టి మానేశారా? ఏది ముందు?”

“సచ్చినోలని ఎలగడుగుతాం?”

“ఇంట్లోవాళ్లను అడగొచ్చు కదా.”

జీపు వెళ్లిపోయింది. జగ్గమ్మ ఇంటికి వచ్చి చుట్ట ముట్టించింది. మచ్చ ఉన్నచోటును నాలుకతో తడిమి చూసుకుంది. గరుకుగా తగిలింది. నిన్నటిదాకా అది ఉన్నట్టే ఆమెకు తెలియదు. మానితే తల్లిలా పోతుందేమో. మానకపోతే డాక్టరు చెప్పినట్టు పోతుందేమో. ఆ రెంటిలో ఏది నిజమో తెలియకుండా ఆమెకు అన్నం సయించలేదు.

అందుకని అడగడానికే బయల్దేరింది. కూర్మయ్య ఇంటికి వెళితే, మానిన తరవాతే పుండు లేచిందని కూర్మయ్య అన్నాడు. కాదు, అంతకు ముందే అత్త మెతుకు మింగలేకపోయేదని అతని కోడలు లోపల్నుంచి అంది. మామా కోడళ్లకు ఆ విషయమై మాటామాటా పెరిగింది. జగ్గమ్మ లేచి వచ్చేసింది. అసిరమ్మ ఇంట్లో ఎవరికీ ఏదీ గుర్తులేదు. ఆవిడ మంచిదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఈ సాక్ష్యాలతో ఏదీ తేలేట్టు కనిపించలేదు. ఇక మిగిలింది తన తల్లి. ఆ సంగతి అడగవలసింది తననే. గౌరమ్మ పండగనాడు తల్లి చుట్టను పొయ్యిలో పారేయడం తాను కళ్లారా చూసింది. అప్పటికి పుండు మాట ఎవరూ ఎత్తలేదు. కాబట్టి మానడమే ముందని జగ్గమ్మ తనకు తాను సాక్ష్యం చెప్పుకుంది.

ఆషాఢంలో వానలు పడి నాట్లు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దెక్కాక గట్టుమీద కూర్చొని, జగ్గమ్మా ఆమె తోటికోడలు తవిటమ్మా రాగులతో కాచిన చోడంబలి తాగుతున్నారు. తవిటమ్మ పచ్చిమిరపకాయ ఒకటి అందించింది. జగ్గమ్మ కొరికింది. కొరికిన కాయను చేత్తో పట్టుకొని అలాగే ఉండిపోయింది.

“ఏటే, అలగయిపోనావు? మండిందేటి?” అంది తవిటమ్మ.

“నేదు. నాకు మండనేదు.”

“మరి?”

“మా యమ్మకి మండింది.”

ఆమెకు తల్లి చుట్ట మానిన ఏటి వేసవి గుర్తొచ్చింది. గౌరమ్మ పండగ ఇంకా చాలా దూరం ఉంది. తల్లికి అంబలి పోసి, ఎప్పటిలా మిరపకాయ ఇస్తే, తల్లి దాన్ని పక్కన పెట్టింది. పళ్లు కదులుతున్నాయని చెప్పింది. నిజానికి ఆవిడ పళ్లు చితి మీదికి వెళ్లేనాటికి కూడా ఒక్కటీ కదల్లేదు. ఆ రోజు మొదలు తల్లి మళ్లీ మిరపకాయ ముట్టలేదు. చుట్ట మాత్రం పండగదాకా కాలుస్తూనే ఉంది. నొప్పి ముందు వచ్చింది. మానడం ఎప్పుడో తరవాత జరిగింది. కళ్లారా చూసినదాన్ని జగ్గమ్మ ఇన్నేళ్లూ తలకిందులుగా చెబుతూ వచ్చింది.

మిరపకాయ మిగతా సగం కూడా తిని చూసింది. నాలుక మండింది, అంగిట్లో మచ్చ ఉన్నచోట మాత్రం మండలేదు. చెవిమీద పెట్టుకున్న చుట్టను తీసి మడిలోకి విసిరేసింది.

“ఓలమ్మో” అంది తవిటమ్మ, చాలా మెల్లగా.

ఆడమనిషి చుట్ట మానిందంటే దాని అర్థం ఆ ఊళ్లో అందరికీ తెలుసు. సాయంత్రానికి వార్త ఊరు దాటింది. మూడోనాడు సాలూరు నుంచి చెల్లెలు నారాయణమ్మ, ఎరిగినవాళ్ల లారీలో గజపతినగరం దాకా వచ్చి, అక్కణ్నుంచి నడిచి, వీధి మొగలోనే ఏడుపు అందుకుంది.

“ఓలప్పా, నన్నొగ్గేసి ఎలిపోతన్నావేటే!”

వాకిట్లో కూర్చొని చోళ్లు చెరుగుతున్న జగ్గమ్మ తలెత్తి చూసింది. “నానెక్కడికీ ఎల్లటం నేదు. ఆ గంప ఇలగియ్యి.”

నారాయణమ్మ గంప అందించి, మళ్లీ ఏడవసాగింది. పోయేవారిని చూడవచ్చినవారు ఏం తినాలనుందో అడగడం ఆచారం. ఆమె కూడా అడిగింది. చుట్ట మానినప్పటినుంచి జగ్గమ్మకు ఆకలి విపరీతంగా ఉంది. “కోడికూర” అంది. ఆ తరవాత వచ్చినవాళ్లూ అదే అడిగారు. వారికి ఎండు నెత్తళ్లనీ, అరిసెలనీ, మళ్లీ కోడికూరనీ చెప్పింది. వచ్చినవారు వండిపెట్టి, ఆమె తినడం చూసి, కళ్లు తుడుచుకొని వెళ్లారు. కోతలనాటికి జగ్గమ్మ ఒళ్లు చేసింది. నీరు పట్టిందని ఊరు నిర్ణయించింది.

ఇదంతా ఆమెకు ఆటగా సాగిందనుకోవడం పొరపాటు. మొదటి నెల నోరు ఖాళీ ఇల్లులా అనిపించేది. నాట్ల పాట ఎత్తుకోబోతే మాటలు వచ్చేవి కావు. సూరయ్య కంచం పెట్టిన చప్పుడుకు కూడా విసుక్కునేది. నిప్పు లేని నోటికి ఏదో ఒకటి ఉండాలని వేయించిన చింతపిక్క ఒకటి దవడలో పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

“ఒసే, ఒక్కటి కాల్సుకోరాదేటి? నివ్వు ముందెలిపోతే నాకు అంబలెవలు కాస్తారు?” అన్నాడు సూరయ్య ఒకనాడు.

“అందుకే కాల్సటం నేదు.”

మూడు నెలలు గడిచాయి. జగ్గమ్మ పోలేదు. సంక్రాంతి వచ్చి వెళ్లింది, ఆమె వెళ్లలేదు. ఊరికి ఇది సమస్య అయింది. మానినవాళ్లు పోతారన్నది తెలిసిన విషయం. జగ్గమ్మ పోలేదన్నది కనిపిస్తున్న విషయం. రెండూ నిలవాలంటే ఒక్కటే మార్గం, జగ్గమ్మ మాని ఉండకూడదు. దవడ ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంది. పొగ బయటికి రాకుండా కాల్చడం ఆమెకు తెలుసు. దొంగతనంగా కాలుస్తోందని తీర్మానం అయింది. ఆ తరవాత చూడవచ్చేవాళ్లు ఆగిపోయారు. వారితోపాటు కోడికూరా ఆగిపోయింది.

మరుసటి వేసవిలో జీపు తిరిగి వచ్చింది. అదే వసారా, అదే టార్చి. డాక్టరుగారు జగ్గమ్మ నోట్లోకి చూసి, చింతపిక్క తీయించి, మళ్లీ చూశారు.

“మచ్చ చాలావరకు పోయింది. చుక్కలు లేవు.”

“అయితే మీ మాట నిజమయినట్టేనా బాబూ?”

“ఒక్కరితో ఏదీ రుజువు కాదమ్మా. నొప్పి పుట్టకముందే మానినవాళ్లు ఇంకా చాలామంది కావాలి.”

సంవత్సరం పాటు ఇంత కష్టపడ్డాక ఈ మాట వినవలసి రావడం జగ్గమ్మకు నచ్చలేదు. అయినా ఆ మాటలో తప్పు కనిపించక ఊరుకుంది.

వరసలో వెనకనుంచి తవిటమ్మ అంది. “అది మాననేదు బాబూ. నోట్లో దాసుకుంటాది. నానెరుగుదును.”

జగ్గమ్మ బల్ల దగ్గరనుంచి కదల్లేదు. “అలగయితే ఇలగొచ్చి సూడు. ఆ లైటు దానికియ్యండి బాబూ.”

డాక్టరుగారు ఒక క్షణం ఆలోచించి టార్చి ఇచ్చారు. తవిటమ్మ వచ్చింది. జగ్గమ్మ నోరు తెరిచింది. తవిటమ్మ పైనా కిందా, కుడి దవడా ఎడమ దవడా, నాలుక కిందా వెతికింది. తోటికోడలి నోట్లో నిప్పు లేదు, బూడిద లేదు, మసి లేదు. తవిటమ్మ టార్చి ఆర్పడం తెలియక వెలుగుతుండగానే బల్లమీద పెట్టింది.

“నాకూ మచ్చుందన్నారు కదా బాబూ పోయినేడు” అంది.

“ఉంది. ఇప్పుడూ చూస్తాను, కూర్చో.”

జగ్గమ్మ ఆమె మొహంలోకి చూసింది. “మిరపకాయ మండతందేటే?”

తవిటమ్మ నాలుకతో అంగిలి తడిమి చూసుకుంది. అంబలి పూటలన్నీ ఒక్కొక్కటే తలచుకున్నట్టు కనిపించింది. “నేదు” అంది చివరికి. “ఇంకా నేదు.”

చెవిమీది చుట్ట తీసి, రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, వసారా బయటికి విసిరేసింది. తరవాత చెయ్యి చాచింది.

“ఇంకో పిక్కుందేటి?”

జగ్గమ్మ చెంగు ముడి విప్పి ఇచ్చింది.

“మీ పుట్టింటోలు రేపటికి దిగుతారు” అంది. “ఏటి తినాలనుందని అడుగుతారు. కోడికూరని సెప్పు. నాకూ కూసింతంపు. మా యింటికి కోడికూర రావటం మానీసి సాన్నాల్లయినాది.”