మరక కింద చెయ్యి

బర్మాలో సైనిక పాలన వచ్చిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో ఆ పని నాకు అప్పగించారు. అప్పుడు నేను యాంగోన్ నడిబొడ్డున పబేడాన్‌లో ఒక ప్రైవేటు సంగ్రహాలయంలో సీనియర్ కన్సర్వేటర్‌ని, అంటే పాత కాగితాల మరమ్మతు చూసే ఉద్యోగం. యజమాని దగ్గరున్న అలంకార ముద్రణలు విదేశంలో ఒక మ్యూజియానికి వెళ్ళాలి.

అవి ఐదు వందల ఏళ్ళ నాటి ఇటలీ పనితనం. రోములో మట్టి కింద పూడిపోయిన పురాతన మహళ్ళు బయటపడినప్పుడు, వాటి గోడల మీది బొమ్మలు చూసి చిత్రకారులకు మతిపోయింది. ఆకుల తోకలున్న మనుషులు, ముఖం తొడుగులు, దీపస్తంభాలు అన్నీ రాగిరేకుల మీద చెక్కి అచ్చు వేశారు. కంసాలులు, వడ్రంగులు వాటిని చూసి నగిషీలు పెట్టేవారు.

ఒక కాగితం మీద పెద్ద చెమ్మ మరక ఉంది. విధానం ప్రకారం ముందు ఫొటో తీసి ఎగుమతి అనుమతికి పంపాం. అనుమతి వచ్చాక పళ్ళెంలో నీళ్ళు పోసి కడిగాం. అచ్చు సిరాలో నూనె ఉంటుంది కనుక కరగదు. మరక పోయి, దీపస్తంభం పక్కన నిలబడ్డ యువకుడి చెయ్యి బయటపడింది. పూర్వం రోము వక్తలు ఎత్తినట్టుగా, మూడు వేళ్ళు చాచి ఉంది.

ఆ ఏడాది యాంగోన్‌లో మూడు వేళ్ళెత్తడమంటే సైన్యాన్ని ఎదిరించడం. ఈ ఒక్క కాగితం పంపడం ఆపేద్దామన్నాను. అనుమతి గడువు దాటిపోతోంది, ఇంత పాత బొమ్మను ఎవరు తప్పుపడతారన్నారు యజమాని.

మింగళాడోన్ విమానాశ్రయం గోదాములో తనిఖీ అధికారి ఫొటోనూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. వెళ్ళి ఒక కెప్టెన్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఫొటోలో లేని చెయ్యి ఇక్కడికెలా వచ్చింది, ఎవరు గీశారని కెప్టెన్ అడిగాడు. మా దగ్గర కుంచెతో రంగులద్దే పని చేసేది, ఆ రోజు నా వెంట వచ్చిన కో మిన్. తల్లి తెలుగు, తండ్రి బర్మీయుడు. ఇద్దరు పిల్లలవాడు. కెప్టెన్ అనుమానం అతని మీద పడింది, అతని ఫోను తీసుకున్నాడు.

"అక్కా, నన్నట్టుకుపోతారేటి?" అన్నాడు కో మిన్, పెదవులు కదిలీ కదలకుండా.

"ఊరుకో. సేతులు బల్లమీదెట్టు," అన్నాను.

టార్చి అడిగి, వెలుగు ఏటవాలుగా పడేలా కాగితం పక్కన పట్టాను. రాగిరేకు గీతల్లో సిరా నింపి, తడి కాగితాన్ని దాని మీద గట్టిగా నొక్కుతారు. అందుకే అచ్చు గీత కాస్త ఉబ్బుగా నిలిచి సన్నని నీడ వేస్తుంది. కుంచెతో గీసినదానికి నీడ ఉండదు. వేళ్ళ గీతలకు నీడ ఉంది. కెప్టెన్ వంగి చాలాసేపు చూశాడు. గండం గడిచిందనుకున్నాను.

"గీయలేదు, నమ్ముతున్నాను డో సత్యవతీ," అన్నాడు బర్మీస్‌లో, అక్కడి మర్యాద ప్రకారం నా పేరు ముందు 'డో' చేర్చి. "కానీ నా ముద్రతో ఈ చెయ్యి దేశం దాటదు." చెయ్యి కనబడకుండా చేస్తే కాగితం వెళ్తుంది, లేదంటే కాగితమూ ఇక్కడే ఉంటుంది, కో మిన్ కూడా ఇక్కడే ఉంటాడన్నాడు.

నా పెట్టెలో పల్చటి అతుకు కాగితం, గంజి ఉన్నాయి. మరక రంగే అద్ది, ఆ మూడు వేళ్ళ మీద అతికించాను. కెప్టెన్ ముద్ర వేసి, ఫోను తిరిగిచ్చాడు. తడిగుడ్డ అద్దితే ఆ అతుకు ఊడివస్తుంది. ఆ సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

కో మిన్ మళ్ళీ మా గదికి రాలేదు. నదికి అవతల ట్వంటే ఊళ్ళో అత్తవారి కుండల పనిలో చేరాడు. కొన్నాళ్ళకు మ్యూజియం వాళ్ళు ఆ అతుకు ఏమిటని అడిగారు. సైన్యం వాళ్ళు ఉత్తరాలు విప్పి చదివే రోజులవి. "పాత మరమ్మతు" అని జవాబిచ్చాను.

రుజువు చూపిస్తే మనిషి బయటపడతాడని ఉద్యోగమంతా నమ్మాను. ఆ రోజు రుజువును కెప్టెన్ ఒప్పుకున్నాడు, అయినా కో మిన్‌ను విడిపించింది అతుకే. నాకు తెలిసినంతవరకు దాన్ని ఇంకా ఎవరూ తీయలేదు.