రాజవ్వ చేతిగంట

2022 వేసవి. మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీలో గైబీ నగర్ సందులో ఉన్న మున్సిపల్ తెలుగు బడిని మూసేశారు. పిల్లలు ఎప్పుడో మరాఠీ, హిందీ బళ్లకు మళ్లిపోయారు. నేను మున్సిపాలిటీ ఆస్తుల విభాగంలో గుమాస్తాను కాబట్టి బడి సామానుకు వెరిఫికేషన్ చేసే పని నా నెత్తిన పడింది. అంటే, ప్రజల సొమ్ముతో కొన్న ప్రతి వస్తువునూ కళ్లారా చూడాలి. పనికొచ్చేదైతే నడుస్తున్న ఇంకో బడికి పంపాలి. పనికిరాకపోతే ‘డెడ్ స్టాక్’ అని రాసి వేలానికి పెట్టాలి. నేను చదువుకున్నది ఆ బడిలోనే. సొంతింటి సామాను జప్తుకు రాయమంటే ఎవరికి చేతులాడతాయి?

బడి ఆయా రాజవ్వ తాళంచెవులు ఇంకా కొంగుకు కట్టుకునే తిరుగుతోంది. బెంచీలు, బీరువాలు అయ్యాక ఇత్తడి చేతిగంట దగ్గరికొచ్చాం. నాతో వచ్చిన ఇంజనీరు భివండీకి కొత్త. గంట తీసి ఊపాడు. నాలుగు దిక్కులా పవర్‌లూమ్‌లు దడదడలాడుతుంటే ఏం వినబడుతుంది?

“ఆవాజ్ నహీ హై మేడమ్. భంగార్ మే డాలో,” అన్నాడు. పలకడం లేదు, తుక్కులో వేసెయ్యమని.

అసలు ఆ గంటను మేమెవరం విన్నాం గనక. లూమ్‌లు ఆగే శుక్రవారం బడికీ సెలవే. రాజవ్వ వాకిట్లో నిలబడి చెయ్యెత్తి ఊపేది. సందు చివర ఆడుకునే మేం ఆ చెయ్యి చూసి ఉరికేవాళ్లం. తెలంగాణ నుంచి సాంచాలు, అంటే ఈ పవర్‌లూమ్‌లు, నడపడానికొచ్చిన మా నాన్నలూ అంతే, సైగలతోనే మాట్లాడుకునేవారు. ఖాళీ వాకిలి చూస్తుంటే ఒక్కసారి మళ్లీ అలా ఉరకాలనిపించింది.

తుక్కు అన్న మాటకు కొంగుతో కళ్లొత్తుకుంటున్న రాజవ్వను పక్కకు పిలిచాను. “ఊకో అవ్వా. భంగార్ అయితే వేలానికొస్తది. నువ్వే తీసుకోవచ్చు.”

“నిజంగనా? ఇంట్ల పెట్టుకుంట బిడ్డా,” అంది. ఆమె మొహం విచ్చుకుంది. అంతలో ఇంజనీరు కలం తీశాడు.

“గాయన ఏమని రాస్తున్నడు?”

“పలకదని.”

“గిన్నేండ్లు నా చేతుల ఉన్నదాన్ని మూగదంటే ఎట్ల ఊకుంట? శుక్రారం రమ్మను. కరెంటు బంద్ ఉంటది.”

“పలికితే నీకు దక్కదు అవ్వా.”

“దక్కకపాయె.”

శుక్రవారం లూమ్‌లు ఆగాయి. రాజవ్వ వాకిట్లోకి వచ్చి చెయ్యెత్తింది. నా బడి గంట అంత నిండుగా పలుకుతుందని ఆ రోజే తెలిసింది నాకు. మేడల మీదికి ఆడవాళ్లు వచ్చారు. టీ కొట్టు దగ్గరున్న నా ఈడువాడొకడు గ్లాసు పెట్టేసి గబగబా గేటు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు. ఇంజనీరు తను రాసింది కొట్టేశాడు. రాజవ్వ మాత్రం ఆపలేదు. ఎవరూ ఆపమనలేదు.

గంట అంజూర్ ఫాటా దగ్గరి బడికి వెళ్లింది. పాత చీర ముక్కలో చుట్టి రాజవ్వే నా చేతికిచ్చింది.

వస్తువు పనిచేస్తుందా లేదా అని చూడటం నాకు ఉద్యోగం నేర్పింది. అది ఎవరి చేతిలో పనిచేసిందో అడగడం మాత్రం ఆ శుక్రవారం నుంచి అలవాటైంది. మా ఫారంలో అది రాయడానికి గడి లేదు, అయినా అడుగుతాను.

మొన్న ధామన్కర్ నాకాలో కూరగాయల దగ్గర రాజవ్వ కనిపించింది.

“అక్కడ మంచిగ వినొస్తుందా బిడ్డా?”

“అక్కడ సాంచాలు లేవు గదా అవ్వా. దూరం దాక వినొస్తది.”

ఆమె ఏరుతున్న వంకాయలు తిరిగి బుట్టలో పెట్టేసింది.

“వినొస్తే ఇగ చెయ్యి దిక్కు ఎవరు చూస్తరు?” అంది.