మాట చివర పిడికిలి

మా తెలుగు అయ్యవారు పోయారు. మొన్న ప్రొద్దుటూరు బస్సులో వచ్చిన ఒకాయన పులివెందులలో నేను పాఠాలు చెప్పే బడి ముందు దిగి, "మీ అయ్యోరు పోయినాడమ్మా, పొద్దన్నే" అన్నాడు. "అయ్యో, ఎలా పోయారండీ?" అని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. ఏడవాల్సిన చోట కూడా పుస్తకంలా మాట్లాడానేమో.

అలా మాట్లాడటం నేర్పింది ఆ అయ్యవారే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను టీచరు ట్రైనింగు ఇంటర్వ్యూకు అక్కడికి పోవాల్సి వచ్చింది. జమ్మలమడుగులో తన ఇంటి అరుగు మీద నెల రోజులు కూర్చోబెట్టి నా యాస మాన్పించారు. మాట చివర సాగదీశానంటే చాలు, ఈగను పట్టినట్టు గాల్లో పిడికిలి మూసేవారు. నేను టక్కున ఆగిపోవాలి. "తోక కత్తిరించు అమ్మాయ్" అనేవారు. రోజుకు ఎన్ని ఈగలు పట్టేవారో! ఆయన మాటతీరు చూసి కోస్తా మనిషే అనుకున్నాను.

"అయ్యోరా, యాసంటే ఏంది? తప్పా?" అని ఒకరోజు ఏడుపుమొహంతో అడిగాను.

"తప్పేం కాదు. ఎదుటివాడి మాటలో వినబడేదే యాస. ఎవడిది వాడికి వినబడదు. ఇంటర్వ్యూలో నీ ఎదుట కూర్చునేవాడు మాత్రం నీ ఊరివాడు కాడు."

సీటు వచ్చింది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన చలవే. ట్రైనింగు ముగించుకుని ఇంటికి పోతే, నా కొత్త మాటతీరు విని మా అమ్మ గడప దగ్గరే నిలబడి, "కాళ్లు కడుక్కోండి. సంగటి తింటారా?" అంది. ఎగతాళి చేసిందో, నిజంగానే బెదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా నాతో ముక్తసరిగానే మాట్లాడేది. నాలుగేళ్లు నేను అయ్యవారి గడప తొక్కలేదు. అమ్మ మారిపోతే ఆయన మీద కోపమెందుకో, చెప్పమంటే చెప్పలేను.

రిటైరయ్యాక ఆయన మకాం మార్చిన ప్రొద్దుటూరు ఇంటికి నేను చేరేసరికి ఆయన్ను చాప మీద పడుకోబెట్టి ఉంచారు. తల దగ్గర ఒక ముసలామె. పులివెందుల వైపు పల్లె నుంచి వచ్చిన ఆయన సొంత అక్కట. "యాడికి పోతివి నాయనా, నన్నిడిసిపెట్టి యాడికి పోతివి" అని రాగం తీసి ఏడుస్తోంది. అంటే ఆయనదీ మా సీమేనా? తన తోక ఎప్పుడు కత్తిరించుకున్నారు, ఎవరి కోసం? నా యాస మాన్పించింది ప్రేమతోనా, భయంతోనా? అడుగుదామంటే మనిషి లేడు. దండం పెట్టాలో, పోట్లాడాలో తెలియక గుడ్లప్పగించి కూర్చున్నాను.

ఇంతలో జమ్మలమడుగు నుంచి వచ్చిన మా అమ్మ నా పక్కన చతికిలబడి, భుజం మీద చెయ్యేసింది.

"ఏడువు మ్మే. ఎందుకట్ల బిగబట్టుకుంటాండావు?"

నాలుగేళ్ల తర్వాత అమ్మ నన్ను మళ్లీ చిన్నప్పటిలా 'మ్మే' అని పిలిచింది. అప్పుడొచ్చింది ఏడుపు. "పోతివా అయ్యోరా" అంటూ నా గొంతు సాగింది, ఆపకుండా సాగింది. అలవాటు కొద్దీ ఉలిక్కిపడి ఆయన చేతి వైపు చూశాను.

చాప మీద ఆ అరచెయ్యి తెరిచే ఉంది.