బొమ్మ గేటుకు రిలీవర్

బానోతు బుచ్చి మా సెక్షన్‌లో గేట్‌కీపర్. డోర్నకల్‌కు ఏడు కిలోమీటర్ల అవతల, పత్తి చేన్ల నడుమ ఉన్న గేటు ఆమెది. ఎవరు ఏ గేటుకు పోవాలో, ఎప్పుడు డ్యూటీ ఎక్కి ఎప్పుడు దిగాలో కాగితం మీద గళ్లు గీసి రాసే గుమాస్తాను నేను. పేరు హరీశ్. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఆమె గురించి నేను మరీ జాలిపడుతున్నట్టు మీకు అనిపిస్తే, అందులో సగం నా తప్పు కప్పిపుచ్చుకోవడానికే అనుకోండి.

గేటంటే ఏముంది, ఒక చిన్న గది. అందులో ఒక ఫోను, ఒక రిజిస్టరు, రెండు జెండాలు, మంచినీళ్ల కుండ. స్టేషన్ నుంచి ఫోను మోగితే గేటు వేయాలి. జెండా పట్టుకుని బయట నిలబడి, వచ్చిన బండిని ఇంజను నుంచి తోక దాకా చూడాలి. చక్రం దగ్గర పొగ వస్తోందా, కింద ఏదైనా వేలాడుతోందా అని చూడాలి. అన్నిటికంటే ముఖ్యం చివరి పెట్టె. దాని వెనక చిన్న బోర్డు ఒకటి తగిలిస్తారు. ఆ బోర్డు కనబడితే బండి మొత్తం వచ్చినట్టు. కనబడలేదంటే కొన్ని పెట్టెలు తెగిపోయి వెనకెక్కడో పట్టాల మీదే ఉండిపోయినట్టు. అప్పుడు వెనక వచ్చే బండిని ఎలాగైనా ఆపించాలి.

పొద్దున ఎనిమిదికి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగాలి. అదైనా తర్వాతి డ్యూటీ మనిషి, అంటే రిలీవర్, వచ్చి రిజిస్టరులో సంతకం పెడితేనే. వాడు రాకపోతే ఎనిమిదైనా తొమ్మిదైనా అక్కడే. అన్నం తింటుంటే ఫోను మోగుతుంది. కడుపు నొప్పి లేచినా ఏ బండి ఎక్కడుందో కనుక్కునే చెంబు పట్టుకోవాలి. తొమ్మిదేళ్ల కింద, పట్టాలు బాగుచేసే మా గ్యాంగ్‌లో పనిచేసే ఆమె మొగుడు దస్రు పచ్చకామెర్లతో పోయాడు. బుచ్చి పదో తరగతి పాసైంది కాబట్టి ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. అందరూ అదృష్టవంతురాలు అన్నారు. నేనూ అన్నాను.

ఆమె తండా గేటు నుంచి చూస్తే కనబడుతుంది. అదే అసలు బాధ. కనబడకుండా ఉంటే మనిషి మరిచిపోతుంది. తీజ్ పండుగకు ఆడపిల్లలు మొలకల బుట్టలు పెట్టుకుని పాడే పాటలు గాలి ఇటు తిరిగితే గేటు దాకా వినబడతాయి. ఆమె ఇక్కడ పెదవులు కదుపుతూ నిలబడుతుంది.

మూడేళ్ల కింద ఆమె తల్లి చనిపోయింది. పొద్దున పదింటికి కబురు వచ్చింది. బుచ్చి నాకు ఫోన్ చేసి, "సారు, మా యాడి పోయింది. ఎవ్వర్నన్న జర పంపుండ్రి, ఒక్క రెండు గంటలు" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ రోజు నా దగ్గర ఖాళీగా ఉన్నది ఒక్కడే. వాడిని పొద్దున్నే ఇంకో గేటుకు పంపేశాను. అక్కడి మనిషి బంధువుల పెళ్లికి పోవాలన్నాడు. ముందు అడిగినవాడికి ముందు ఇచ్చాను. పంపినవాడిని వెనక్కి పిలిపించి ఉండొచ్చు. పెళ్లి బట్టలు కట్టుకుని బయల్దేరిన మనిషితో గొడవెందుకని ఊరుకున్నాను.

మధ్యాహ్నం తండావాళ్లు ఆమె తల్లిని చేను గట్టు మీదుగా తీసుకెళ్తుంటే బుచ్చికి గేటు దగ్గర నుంచి కనబడింది. సరిగ్గా అప్పుడే గూడ్సు బండి వచ్చింది. యాభై ఎనిమిది బొగ్గు పెట్టెలు. ఆమె పచ్చజెండా పట్టుకుని, మొదటి పెట్టె నుంచి చివరి బోర్డు దాకా చూసింది. బండి పోయాక గట్టు మీద ఎవరూ లేరు.

ఈ మాట నాకు ఆమె చెప్పలేదు. వేరేవాళ్లు చెప్పారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నేను ఆ గేటు మీదుగా పోవాల్సి వస్తే నా మోటారు సైకిలు చుట్టూ తిప్పుకుని వేరే దారిన పోయేవాడిని.

మొన్న వేసవిలో మా ఆఫీసులో అటెండరు రిటైరయ్యాడు. పోస్టు ఖాళీ. ఆ వారమే బుచ్చి తన సెలవురోజున వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది.

"సారు, నన్ను గేటుకెల్లి తీసి గీడ ఎయ్యుండ్రి. ఊడ్సుమంటే ఊడుస్త, చాయ్ తెమ్మంటే తెస్త. పని అయినంక ఇంటికి పోవాలె, గంతే."

"జీతంల తేడా వస్తది అక్కా."

"రానియ్యుండ్రి. తొమ్మిదేండ్లు ఆయె సారు. నిద్రల కూడ ఫోను మోగుతది. లేసి నిలబడుత."

నేనే కూర్చుని దరఖాస్తు రాశాను. ఆమె సంతకం పెట్టింది. కానీ మా దగ్గర కాగితం ఒక్కటే పోతే ఎక్కడో ఒకచోట దుమ్ము పట్టి కూర్చుంటుంది. దాని వెనక మనిషి మొహం కూడా కనబడాలి. వచ్చే ఆదివారం డోర్నకల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో చిన్న రైళ్ల ప్రదర్శన ఉందని, మా పెద్ద సారు ముఖ్య అతిథి అని నాకు తెలుసు. "నువ్వు గాడికి రా. నీ చేతితోనే సారుకు కాగితం ఇయ్యి. కండ్లార సూస్తే పని అయితది" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం ఆమె పెళ్లికి పోతున్నట్టు కొత్త చీర కట్టుకుని వచ్చింది. పెద్ద సారు ఇంకా లోపలికి వస్తుండగానే కాగితం ఇచ్చింది. ఆయన కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "తప్పకుండా చూస్తానమ్మా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బుచ్చి మొహం వెలిగింది. ఇక రైళ్లు చూద్దామని హాలు మధ్యకు నడిచాం.

ఆ బొమ్మ రైళ్లు చేసినాయన భూపాల్. మా లైన్‌లోనే ముప్పై ఏళ్లు ఇంజను నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక అసలు బండికి ఎనభై ఏడో వంతు కొలతలో బండ్లు చేయడం మొదలుపెట్టాడట. హాలు సగానికి సగం బల్లలు పరిచి వాటి మీద మా సెక్షన్ మొత్తం దించేశాడు. డోర్నకల్ చర్చి గుమ్మటాలు, స్టేషన్, వాగు మీద వంతెన, పత్తి చేన్లు, అన్నీ ఉన్నాయి. మా వైపు ఎక్కడా లేని సొరంగం ఒకటి అట్టతో కట్టాడు. అదేమంటే, "పిలగాండ్లకు సొరంగం లేకుంటే రైలే కాదు" అని నవ్వాడు.

పనితనం చూస్తే నోరు తెరిచి నిలబడాల్సిందే. బొగ్గు పెట్టెల్లో నిజం బొగ్గు పొడి పోశాడు. పెట్టెల తలుపుల కింద తుప్పు చారలు. ప్యాసింజరు బండి మెట్ల పక్కన ఎవరో ఉమ్మేసిన పాన్ మరక కూడా, సూదిమొనతో పెట్టినంత. నేను నవ్వితే బుచ్చి నవ్వలేదు. ఆమె వంగి కిటికీల్లోకి చూస్తోంది. లోపల వేలి గోరంత మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకామె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఒకాయన ఒళ్లో పొట్లం విప్పుకున్నాడు.

"సారు, రోజూ నూరు బండ్లు సూస్త. లోపట మనుషులు నాకు ఎన్నడు కనవడలె. గీత గీసినట్టు పోతరు" అంది. బండి ఆమె ముందుకు వచ్చిన ప్రతిసారీ ఆ నిద్రపోయే ఆమెను వెతుక్కుంది. "గీమె ఏడికి పోతుందో" అనుకుంది తనలో తాను.

బల్ల చివర మా గేటు ఉంది. ఆమె గేటే. అదే గది, అదే కుండ, బయట పచ్చజెండా పట్టుకుని ఖాకీ బట్టల్లో ఒక మగమనిషి బొమ్మ. ఆమె చాలాసేపు చూసింది.

"ఈయనకు రెండు జెండాలు ఉండాలె. ఒకటే ఉన్నది" అంది భూపాల్‌తో.

"అవునమ్మా, మర్సిపోయిన. పెడత" అన్నాడాయన.

"ఈయన రిలీవర్ ఏడి?"

భూపాల్ పకపకా నవ్వాడు. "బొమ్మకు రిలీవర్ ఎందుకమ్మ? గమ్ముతోని అతికించిన, ఏడికి పోతడు!"

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు, నేనూ నవ్వాను. బుచ్చి మళ్లీ ఆ ఖాకీ బొమ్మ వైపే వంగింది.

పెద్ద సారు బల్లల దగ్గరికి వచ్చాక అసలు ఆట మొదలైంది. ఒకే లైన్ మీద ముందు బొగ్గు బండి, దాని వెనక కాస్త దూరంలో ప్యాసింజరు బండి. భూపాల్ మీటలు పట్టుకుని కూర్చున్నాడు. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. బుచ్చి గేటు బొమ్మ దగ్గరే నిలబడింది. నేను పక్క నుంచి చూస్తున్నాను. బొగ్గు బండి గేటు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆమె నడుము నిటారుగా అయ్యేది. తల ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరిగేది, చివరి పెట్టె దాకా. ఇది చూసి నాకు నవ్వొచ్చింది. సెలవురోజు కూడా డ్యూటీ చేస్తోంది పిచ్చిది అనుకున్నాను.

నాలుగో చుట్టులో బొగ్గు బండి సొరంగంలోంచి వచ్చి గేటు దాటింది. బుచ్చి తల కుడికి తిరిగి ఆగిపోయింది. మరుక్షణం రెండు చేతులూ నెత్తి మీదికి లేపి అరిచింది.

"ఆపుండ్రి! బోర్డు లేదు! ఎనక బండి ఆపుండ్రి!"

హాలు ఉలిక్కిపడింది. రెండు చేతులు పైకి లేచాయంటే డ్రైవరుకు ఒకటే అర్థం. భూపాల్ ఎందుకు, ఏమిటి అనలేదు. చెయ్యి దానంతట అదే మీటను కిందికి లాగేసింది. ప్యాసింజరు బండి సొరంగం నోటికి జానెడు దూరంలో ఆగింది. ఆయన లేచి అట్ట కొండను ఎత్తాడు. కింద చీకట్లో నాలుగు బొగ్గు పెట్టెలు కొక్కెం ఊడి నిలబడి ఉన్నాయి. చివరి దాని వెనక అగ్గిపుల్ల తలంత బోర్డు.

జనమంతా బల్ల మీదికి వంగి చూశారు. తర్వాత చప్పట్లు ఆగలేదు. భూపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏడాది పట్టింది తల్లీ ఆ ప్యాసింజరు చెయ్యనీకి" అన్నాడు. బుచ్చి సిగ్గుతో చేతులు చీర కొంగులో దాచుకుని, "అలవాటు సారు, బొమ్మ అని మర్సిపోయిన" అంది.

అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టింది మా పెద్ద సారే. ఆమెను మైకు దగ్గరికి పిలిచి, శాలువా కప్పి, "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావమ్మా? ఒక్క తప్పూ లేదా? చూశారా! ఇలాంటి వాళ్లు గేట్ల దగ్గర ఉండబట్టే మనం ఇళ్లలో నిశ్చింతగా నిద్రపోతున్నాం" అన్నాడు. జేబు మీద చెయ్యి వేసి ఆమె కాగితాన్ని ఒకసారి తడిమాడు కూడా. పని అయిపోయిందనుకున్నాను. బుచ్చీ అట్లాగే అనుకుంది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "హరీశ్ సారు, ఒకటో తారీకు నుంచి రావాల్నా?" అని అడిగింది.

పదిహేను రోజులకు ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి రంగుల అంచు ఉన్న ప్రశంసాపత్రం. రెండోది ఆమె దరఖాస్తు. దాని మీద ఎర్రసిరాతో ఇలా రాసి ఉంది: "ఇంతటి అప్రమత్తత గల ఉద్యోగిని గేటు విధుల నుంచి తప్పించడం భద్రత రీత్యా తగదు. ప్రస్తుత స్థానంలోనే కొనసాగించవలెను." చదివి నాకు ఒళ్లు మండింది. ఆయన చెడ్డవాడై ఉంటే తిట్టుకుందును. ఆమె మీద గౌరవంతోనే రాశాడు. అటెండరు పోస్టులోకి ఇంకొకరు వచ్చారు. వేరే గేటులో రెండుసార్లు నిద్రపోయి దొరికిన మనిషి.

ఆ కాగితాలు వేరేవాళ్ల చేత పంపొచ్చు. ఈసారి నేనే వెళ్లాను. మూడేళ్ల తర్వాత ఆ గేటుకు పోవడం. నా మోటారు సైకిలు గేటుకు అవతలే ఆపి, పట్టాలు దాటి ఆమె గది దగ్గరికి నడిచాను. ప్రశంసాపత్రం ఆమెకు చదివి వినిపించాను. తర్వాత రెండోది చదివాను. ఆమె కుండలోంచి గ్లాసు ముంచి నాకు నీళ్లు ఇచ్చింది.

"నేను ఆ దినం నోరు మూసుకొని ఉంటే, గా పోస్టు వస్తుండెనా సారు?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "వస్తుండె అక్కా" అన్నాను. "మీ అమ్మ పోయిన రోజు గూడ మనిషిని పంపకపాయింది నేనే. పంపొచ్చు. పంపలె."

"ఎరికే" అంది. కాసేపు తండా వైపు చూసింది. "మూసుకొని ఉండలేను సారు. మల్ల ఆ నిద్రపోయేటామె ఉండె గద ఆ బండిల."

ఫోను మోగింది. ఆమె లోపలికి పోయి మాట్లాడి, రిజిస్టరులో రాసి, వచ్చి గేటు వేసింది. నా బండి అవతల ఉండిపోయింది, నేను ఇవతల. రెండు జెండాలూ తీసుకుని తన చోటులో నిలబడి, పట్టాల వైపు నుంచి చూపు తిప్పకుండానే నన్ను పిలిచింది.

"సారు, ఆ భూపాల్ సారుకు జర ఫోన్ చేసి చెప్పుండ్రి. గేటు కాడ ఇంకో బొమ్మ చెయ్యమనుండ్రి. టిఫిన్ డబ్బ పట్టుకొని డ్యూటీకి వస్తున్నట్టు చెయ్యమనుండ్రి. గా జెండ పట్టుకున్నాయన్నన్న దిగనియ్యుండ్రి."

చెప్తానన్నాను. బండి వచ్చేసింది, నా మాట ఆమెకు వినబడిందో లేదో తెలియదు.