మా పేటను కోసిన గీత

నా చిన్నప్పుడు, డెబ్బైల్లో, చల్లపల్లి దగ్గర మా ఊళ్లో కాలవ అవతలి క్రైస్తవుల పేట అంతా కలిపి పంచాయతీలో ఒకే వార్డు. అందరివీ కూలి బతుకులే. అయినా మాకంటూ ఒక మెంబరు ఉండేవాడు. పేటలో చేతిపంపు వేయమని మీటింగు మీటింగుకీ లేచి అడిగేవాడు. అదే ఊళ్లో పెత్తనం చేసే పెద్దవీధి వాళ్లకు కంటగింపయింది.

మా పెద్దమ్మ మిషన్ బడిలో టీచరు. నా పుట్టిన తేదీ కాగితం కోసం ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది. రిజిస్టరు తీయడానికి గుమాస్తా ఎప్పుడూ తాళం వేసుండే గది తెరిచాడు. లోపల గోడకు ఒక నోటీసు అంటించి ఉంది. వార్డులు మారుస్తున్నారట. మా పేటను మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను పెద్దవీధి వాళ్లుండే ఒక్కో వార్డులో కలిపేశారు. అభ్యంతరాలకు గడువు మర్నాటి వరకే. తాళం వేసిన గదిలో అంటిస్తే ఎవడు చదువుతాడు?

పేటకు వచ్చి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. కాగితం మీద గీతకు మన ఇళ్లేమైనా కదులుతాయా అన్నాడు మా నాన్న. పెద్దమ్మ వాదించలేదు. చర్చికి వెల్లవేయడానికి తెచ్చిన సున్నం బకెట్టు నాకిచ్చి, నోటీసులో ఉన్నట్టే నేలమీద గీత గీసుకుంటూ నడిచింది. ఆ గీత మా వాకిట్లోకొచ్చి, మా ఇంటిని నాయనమ్మ ఇంటినుంచి విడదీసింది. జనం గుమ్మాల్లోంచి బయటికొచ్చారు.

"చూడు మరిదీ, నీ ఓటు ఇటు, అత్తమ్మ ఓటు అటు. ఏ పక్క చూసినా మనం పది మందిమే, వాళ్లు వంద మంది. ఇంక పంపు ఎవర్ని అడుగుతాం?" అంది పెద్దమ్మ నాన్నతో.

నాన్న మొహం ఎర్రబడింది. ఆ సాయంత్రమే పేటంతా అర్జీమీద వేలిముద్రలు వేసింది.

మర్నాడు అందరం వెళ్లాం. ఆఫీసరు అర్జీ చదవకుండానే పక్కన పడేశాడు. ఇది పైనుంచి వచ్చిందమ్మా, మా చేతుల్లో లేదన్నాడు.

"పైవాళ్లకి మా అత్తగారి గుమ్మం ఎక్కడుందో ఎట్టా తెలిసిందండీ?" అని అడిగింది పెద్దమ్మ.

ఆయన తల దించుకుని వేరే ఫైలు తెరిచాడు. గీత మారలేదు. ఎన్నికల్లో మూడు వార్డుల్లోనూ మావాళ్లు ఓడిపోయారు. చేతిపంపు పెద్దవీధిలో ప్రెసిడెంటు ఇంటి ముందు పడింది. వాళ్ల బిందెలన్నీ నిండేదాకా మా అమ్మ ఎండలో నిలబడేది.

ఇప్పుడు భవానీపురంలో ఉంటున్నాను. ఏ ఆఫీసులో నోటీసు కనబడినా కళ్లజోడు పెట్టుకుని ఆఖరి అక్షరం దాకా చదువుతాను. మీకెందుకండీ మామ్మగారూ అంటారు పిల్లలు. చదివితే ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. మండనీ. పెద్దమ్మ పోయి ఇన్నేళ్లయినా ఆ కోపాన్ని మాత్రం నేను చల్లారనివ్వలేదు.